స్కూల్ కౌన్సిలరా, సెంట్రల్ ప్యానెలా: మొదటిసారి పోటీకి ఏది మేలు?

ఉస్మానియా, ఆంధ్ర లాంటి యూనివర్సిటీల్లో విద్యార్థి సంఘ ఎన్నికలు ఆగిపోయి దశాబ్దాలైంది. అందుకే డిగ్రీ ముగించుకుని గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అడుగుపెట్టే మన పిల్లలకు ఎన్నికలన్నదే కొత్త. ఓటేయడంతో సరిపెట్టుకోకుండా నిలబడదామనుకునే వాళ్లు ఏటా కొందరు ఉంటారు. వాళ్లకు ముందుగా ఎదురయ్యే ప్రశ్న, ఏ పదవికి అన్నది.

సెంట్రల్ ప్యానెల్ అంటే అధ్యక్ష, ఉపాధ్యక్ష, ప్రధాన కార్యదర్శి, సంయుక్త కార్యదర్శి, సాంస్కృతిక, క్రీడా కార్యదర్శి పదవులు. వీటికి క్యాంపస్ మొత్తం ఓటేస్తుంది. కౌన్సిలర్‌కు మాత్రం తన స్కూల్ వాళ్లే ఓటేస్తారు. ఇక్కడ స్కూల్ అంటే ఒకే రంగానికి చెందిన విభాగాల సమూహం. హ్యుమానిటీస్‌లో చదివేవాళ్లు హ్యుమానిటీస్ కౌన్సిలర్‌ని, లైఫ్ సైన్సెస్ వాళ్లు తమ కౌన్సిలర్‌ని ఎన్నుకుంటారు.

పేరు, హడావిడి, కెమెరాలు అన్నీ సెంట్రల్ ప్యానెల్‌వే. అయినా మొదటిసారి నిలబడేవాళ్లకు కౌన్సిలర్ పోటీయే మేలని నా గట్టి అభిప్రాయం. ఇందుకు అసలు కారణం విద్యార్థి సంఘ ఎన్నికల తీరుపై సిఫార్సులు చేసిన లింగ్డో కమిటీ నిబంధనల్లో ఉంది. 2006లో సుప్రీంకోర్టు అమలు చేయమన్న ఆ సిఫార్సుల ప్రకారం, ఆఫీస్ బేరర్ పదవికి, అంటే సెంట్రల్ ప్యానెల్‌కు, ఒక విద్యార్థి ఒక్కసారే పోటీ చేయాలి. గెలిచినా ఓడినా అంతే. కౌన్సిలర్ లాంటి కార్యవర్గ సభ్యుడి పదవికైతే రెండు అవకాశాలున్నాయి. ఎంఏలో చేరిన తొలి ఏడాదే ఉత్సాహం కొద్దీ ప్రధాన కార్యదర్శికి నామినేషన్ వేసి ఓడిపోతే, క్యాంపస్ మనుషులు బాగా పరిచయమైన రెండో ఏడాదికి చేతిలో ఏమీ మిగలదు. అదే మొదటి ఏడాది కౌన్సిలర్‌గా నిలబడితే సెంట్రల్ పోటీ అవకాశం భద్రంగా ఉంటుంది.

ఇక ప్రచారం. స్కూల్ ఓటర్లు కొన్ని వందల మందే కాబట్టి ఒక్కొక్కరినీ కలిసి మాట్లాడొచ్చు. ప్రింటెడ్ పోస్టర్లు నిషేధం, ఖర్చు పరిమితి 5,000 రూపాయలు. చార్టులు కొని, రాత్రి హాస్టల్ గదిలో నలుగురు స్నేహితులు నేల మీద పరుచుకుని స్కెచ్ పెన్నులతో పేరు రాస్తే కౌన్సిలర్ ప్రచారానికి సరిపోతుంది. సెంట్రల్‌కు అలా కుదరదు. నార్త్ క్యాంపస్ నుంచి సౌత్ దాకా ప్రతి హాస్టల్లోనూ గది గదికీ తిరగాలి. కౌంటింగ్‌కు ఏజెంట్లు కావాలి. రాత్రిపూట అభ్యర్థులు అందరి ముందు మాట్లాడే ఓపెన్ మీటింగులో ఫీజుల దగ్గర్నుంచి దేశ రాజకీయాల దాకా ఎవరేం అడిగినా జవాబు చెప్పాలి. ఆ రాత్రి టెన్షన్ తట్టుకోవడం కొత్తవాళ్లకు చాలా కష్టం.

అక్కడే రెండో ప్రశ్న వస్తుంది: ఇండిపెండెంట్‌గానా, ఏదైనా సంఘం తరఫునా? సెంట్రల్‌కైతే సంఘం లేకుండా గెలవడం దాదాపు అసాధ్యం. ఏఎస్ఏ (అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్), ఎస్ఎఫ్ఐ, ఏబీవీపీ, ఎన్ఎస్‌యూఐ లాంటి సంఘాలకు ఏళ్ల తరబడి పనిచేసే మనుషులున్నారు. కాకపోతే కూటమి కట్టినప్పుడు ఏ పదవి ఎవరికన్నది చర్చల్లో తేలుతుంది. మీరు అధ్యక్ష పదవి కోసం సిద్ధమైతే చివరికి క్రీడా కార్యదర్శి దగ్గర ఆగొచ్చు. గెలిచాక సంఘం నిర్ణయం ఒకటి, మీ మనసులోది ఇంకొకటి అయినప్పుడు సంఘం వైపే నిలబడాలి. ఆ సిద్ధాంతాన్ని నమ్మి చేరినవాళ్లకు ఇది బరువు కాదు. టికెట్ కోసం ఎన్నికల ముందు చేరినవాళ్లకే నరకం. నమ్మకం లేని జెండా పట్టుకోవద్దని ప్రతి జూనియర్‌కీ చెబుతాను.

కౌన్సిలర్‌కు ఇండిపెండెంట్‌గా నిలబడి గెలవొచ్చు. ల్యాబ్ ఎన్ని గంటల దాకా తెరవాలి, లైబ్రరీలో ఏ పుస్తకాల కాపీలు చాలడం లేదు, ఫెలోషిప్ ఎందుకు ఆలస్యమవుతోంది, ఇలాంటివి డీన్ దగ్గరికి తీసుకెళ్లడానికి జెండా అక్కర్లేదు. చెప్పినమాట మీద నిలబడి, మళ్లీ మళ్లీ వెళ్లి అడిగే మనిషి ఉంటే చాలు. ఒంటరి కౌన్సిలర్‌కు యూనియన్ కౌన్సిల్లో బలం తక్కువన్నది నిజమే. ఓటింగ్ దాకా వస్తే పెద్ద సంఘాల మాటే నెగ్గుతుంది. అయినా ఆ ఏడాది సమావేశాల్లో కూర్చుంటే యూనియన్ నడిచే తీరు, ఏ సంఘం మాట మీద నిలబడుతుందో దగ్గరగా తెలుస్తుంది. మరుసటి ఏడాది ఎవరితో కలిసి నడవాలో అప్పుడు నిర్ణయించుకోవచ్చు.

పీహెచ్‌డీ వాళ్ల లెక్క వేరు. పరిశోధక విద్యార్థులకు వయోపరిమితి 28 ఏళ్లు. 27 దాటి, క్యాంపస్‌లో నలుగురికీ తెలిసి, నమ్మిన సంఘంలో కొన్నేళ్లుగా పనిచేస్తున్నవాళ్లు కౌన్సిలర్ మెట్టు కోసం ఆగాల్సిన పనిలేదు. వాళ్లు నేరుగా సెంట్రల్‌కే నామినేషన్ వేయాలి.