ఈపీఏబీఎక్స్ కొంటున్నారా? ‘మెలీషియస్ కాల్ ట్రేస్’ బటన్‌కు డబ్బు కట్టే ముందు ఇది చూడండి

ఆఫీసుకో, ఆసుపత్రికో, లాడ్జీకో కొత్త ఈపీఏబీఎక్స్ (బయటి ఫోన్ లైన్లను లోపలి ఫోన్లకు కలిపే బాక్సు) పెట్టించుకునేవాళ్లకు ఈ హెచ్చరిక. బ్రోచర్‌లో ‘మెలీషియస్ కాల్ ట్రేస్’ (వేధించే కాల్ ఎవరిదో కనిపెట్టే సౌకర్యం) అని కనపడగానే ఖరీదైన మోడల్‌కు పోకండి.

మాది చిన్న నర్సింగ్ హోమ్. రాత్రి డ్యూటీలో రిసెప్షన్‌లో ఉండే అమ్మాయిలకు ఎవడో ఫోన్ చేసి బూతులు, బెదిరింపులు. నంబర్ కనపడదు. “ఈ బటన్ నొక్కితే చాలు సార్, వాడెక్కడున్నా దొరికిపోతాడు” అన్నాడు డీలర్. షోరూమ్‌లో తన సెల్ నుంచే కాల్ చేసి, లాగ్‌లో నంబర్ పడటం చూపించాడు కూడా. నంబర్ దాచకుండా చేసిన కాల్‌కు కాలర్ ఐడీ ఎలాగూ వస్తుంది కదా, దానికి బటన్ దేనికి? ఈ ఫీచర్‌కు లైసెన్స్ పేరుతో విడిగా బిల్లు వేశాడు, ఏటా కట్టే మెయింటెనెన్స్ (ఏఎంసీ) కూడా పెంచాడు.

మళ్లీ కాల్ వచ్చింది. అమ్మాయి బటన్ నొక్కింది. పొద్దున ప్రింట్ తీస్తే కాలర్ నంబర్ ఉండాల్సిన చోట ఖాళీ. తేదీ 01-01-2000. కరెంటు పోయి వచ్చినప్పుడు టైము రీసెట్ అయిందట, లోపలి బ్యాటరీ పనిచేయడం లేదు. కొత్త బాక్సులో! అడిగితే “ప్రాబ్లం మా బాక్సుది కాదు సార్, మీ లైన్లది” అన్నాడు. అమ్మేటప్పుడు ఈ ముక్క నోట్లోంచి రాలేదు.

అసలు సంగతేమిటంటే, ఆ బటన్ ఎవరినీ పట్టుకోదు. “ఈ కాల్ వివరాలు నమోదు చేయండి” అని టెలిఫోన్ కంపెనీ ఎక్స్ఛేంజీకి ఒక సంకేతం పంపుతుంది, అంతే. ఎంసీఐడీ (మెలీషియస్ కాల్ ఐడెంటిఫికేషన్) అనే ఈ సౌకర్యం ఐఎస్‌డీఎన్ అనే డిజిటల్ టెలిఫోన్ వ్యవస్థలో భాగం. అంటే మీకు 30 ఛానెళ్ల (ఒకేసారి 30 కాల్స్ పట్టే) పీఆర్ఐ లాంటి డిజిటల్ లైను ఉండాలి, కంపెనీ దాని మీద ఈ సర్వీసు ఆన్ చేసి ఉండాలి. అన్నీ ఉన్నా, దాచిన నంబర్ మీ డిస్‌ప్లే మీదకు రాదు, ఎక్స్ఛేంజీ రికార్డులోనే ఉంటుంది. మావేమో మామూలు అనలాగ్ లైన్లు. వాటి మీద ఆ సంకేతం పోయే దారే లేదు. ఇది డీలర్‌కు తెలియదంటే నేను నమ్మను.

ఎక్స్ఛేంజీలో ఉన్న ఆ వివరాలు మనం అడిగితే ఇవ్వరు, పోలీసులు అడగాలి. ఎవరో తెలియకుండా బెదిరించడం భారతీయ న్యాయ సంహిత 351(4) కింద నేరం. స్టేషన్‌లో ఎస్సై గారు మమ్మల్ని అడిగినవి రెండే: ఏ లైనుకు వచ్చింది, సరిగ్గా ఎన్ని గంటలకు వచ్చింది? మెషీన్ ప్రింట్ చూపించి ఏం లాభం! అమ్మాయి గోడ గడియారం చూసి రిజిస్టర్‌లో రాసుకున్న టైములే ఫిర్యాదులో పెట్టాం.

కాబట్టి డెమో షోరూమ్‌లో వద్దు, మీ దగ్గర, మీ లైన్ల మీదే చేయించండి. ఈ సర్వీసు మా లైనుకు ఇస్తారా అని టెలిఫోన్ కంపెనీని అడిగి, జవాబు మెయిల్‌లో తెప్పించుకోండి. కాల్ రికార్డింగ్ ఉందా, కరెంటు తీసి పెడితే టైము నిలుస్తుందా అనేవి చూసుకున్నాకే బ్యాలెన్స్ కట్టండి. ఈ రెండూ నిజంగా పనికొస్తాయి.

మా డీలర్ ఇప్పుడు “సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే సెట్ అవుతుంది సార్” అంటున్నాడు. దానికీ కొటేషన్ పంపాడు.