విశాఖ ఉప్పుగాలిలో యూపీవీసీ కిటికీలు: కొన్నేళ్ల వాడకం తరువాత

సముద్రానికి దగ్గరగా ఉన్న మా విశాఖ ఇంట్లో, ప్రతి వానకూ ఉబ్బి బిగుసుకుపోయే చెక్క కిటికీలను తీసివేసి, యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) జారుడు కిటికీలను మేమే అమర్చుకున్నాము. కొన్ని వర్షాకాలాలు చూసిన మీదట, ఫ్రేము నాణ్యత కన్నా ఫ్రేముకూ గోడకూ మధ్య సందును పూడ్చిన తీరే నీటిని ఎక్కువగా ఆపుతోందని నా అభిప్రాయం.

గోడలోని ఖాళీని పలుచోట్ల కొలిచి, అన్నిటికన్నా చిన్న కొలతలో ఇరువైపులా 5 మిల్లీమీటర్ల చొప్పున తగ్గించి ఫ్రేములు చేయించాము. రసమట్టంతో సరిచూసి, కర్ణాలు రెండూ సమానమని తేలిన తరువాతనే స్క్రూలు బిగించాలి. ఫ్రేము వంకరగా కూర్చుంటే రెక్క మూలలో సందు మిగులుతుంది, దానిని సిలికాన్ పూడ్చలేదు. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలకు ఖర్చు ఎక్కువే అయినా ఇప్పటికీ వాటికి తుప్పు మరక లేదు.

సందులో పీయూ ఫోమ్ (పాలీయురెథేన్ నురుగు) నింపి, గట్టిపడ్డాక అంచులు కోసి, బయటివైపు ఆరేటప్పుడు ఆమ్లం వదలని న్యూట్రల్ సిలికాన్ పట్టించాము. ఎండ తగిలితే ఫోమ్ పసుపుబారి పొడిగా రాలుతుంది కనుక దానిని పూర్తిగా కప్పవలసిందే. పుల్లని వెనిగర్ వాసన వచ్చే చవక సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది కాబట్టి, క్షారగుణం గల సిమెంటు మీద దాని పట్టు నిలవదు. పాత రంగును గీకి, ధూళి తుడిచి పట్టించిన న్యూట్రల్ సిలికాన్ మాత్రం నేటికీ రబ్బరులా సాగుతోంది.

అసంతృప్తి అంతా కింది ట్రాకుతోనే. గాలివానకు అందులోకి నీరు రావడం సహజమే, ఆ నీరు బయటికి పోయేందుకే ఫ్రేములో చిన్న రంధ్రాలుంటాయి. వాటిని కూడా సిలికాన్‌తో మూసివేసే పనివారు ఉన్నారు, పక్కన నిలబడి చూసుకోవడం మేలు. మూయకపోయినా ఇసుక, ధూళి చేరి అవి పూడుకుపోతాయి కనుక వర్షాకాలానికి ముందు శుభ్రం చేస్తున్నాము. రెక్కల అంచున ఉండే బ్రష్ పట్టీలు కాలక్రమంలో అణిగిపోయి, పెనుగాలికి ఈల వేస్తున్నాయి.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తీరం దాటిన ఊరు కనుక, సముద్రం వైపు గోడకు రబ్బరు గ్యాస్కెట్‌ను నొక్కుతూ మూసుకునే తలుపురెక్క కిటికీలే తగినవి. అయితే బయట ఇనుప గ్రిల్లు ఉన్నచోట అవి లోపలికే తెరుచుకోవాలి, అప్పుడు తెరలకూ మంచానికీ అడ్డు తగులుతాయి. అటువంటి గదులకు జారుడు రకమే సౌకర్యం.