నల్లగొండల చేపల షాపు: కటింగ్ సూపర్, కాంటా దగ్గర జాగ్రత్త

మొన్న ఆదివారం పొద్దుగాల్నే మా గల్లీ దగ్గరి షాపుకు పోయిన, రెండు కిలోల బొచ్చె తీసుకున్న. కటింగ్ చేసే అన్న చెయ్యి మస్తు స్పీడు, పొలుసు గీకి కడుపు చీరి పిత్తం తిత్తి పగలకుండ అట్ల వేలితోని తీసిండు, అది పగిలితె కూరంత చేదే కదా. తర్వాత తెల్లగ మెరిసే గాలిబుగ్గ బయటికొచ్చింది, నడుమ దారం కట్టి బిగించినట్టు రెండు అరలు. మా పిల్లగాడు అడిగి చేతుల పట్టుకున్నడు, వేలితోని నొక్కితె టప్పుమని పేలింది, నా అంగి మీద నీళ్లు! చేప మునగకుండ తేలకుండ నీళ్లల్ల ఒక్క లెవెల్ల ఉండేది దీంతోనే అని చెప్పిన. సముద్రంల సొరచేపకు ఇది ఉండనే ఉండదు, కాలేయంల నూనెతోనే నెట్టుకొస్తది. చైనోళ్లు ఈ బుగ్గల్ని ఎండబెట్టి సూప్ చేస్కుంటరు, మనమేమో పిల్లులకు పారేస్తం.

ఇగ కాంటా ముచ్చట. తొట్టిల నీళ్లు కారుతుండంగనే తూకం పెట్టిండు, నేను అడిగితె మొఖం మాడ్చుకున్నడు. గ్యారంటీగ వంద గ్రాములు పోయినయ్. పులుసైతె మంచిగైంది, కటింగ్ కోసం మళ్ల పోత గని నీళ్లు వడిసినంకనే జోకిస్త.