పెద్దలకు ఏఐ సహాయకుడు పెట్టిస్తామనే ప్యాకేజీ: కర్నూలులో కొనబోయేవారికి హెచ్చరిక

కర్నూలు సి.క్యాంపు వైపున్న ఒక మొబైల్ దుకాణంలో మా నాయన 4,999 రూపాయలు చెల్లించి ఒక వార్షిక ప్యాకేజీ తీసుకున్నారు. ఫోనులో ఏఐ సహాయకుడిని అమర్చి, తెలుగులో మాట్లాడి వాడుకోవడం నేర్పించి, ఏడాదిపాటు ఏ ఇబ్బంది వచ్చినా చూసుకుంటామన్నది వారి మాట. ఫిర్యాదు ఇంకా నడుస్తున్నందున దుకాణం పేరు రాయడం లేదు. అయితే ఇటువంటి ప్యాకేజీ మీ ఇంట్లో పెద్దలకు ఎవరైనా అంటగట్టబోతే ఏమేమి చూసుకోవాలో తెలియాలని ఇది రాస్తున్నాను.

అవసరం మాత్రం నిజమైనదే. నాయన తపాలా శాఖలో పనిచేసి విరమించారు. కంటి శుక్లాల ఆపరేషన్ తరువాత కూడా చిన్న అక్షరాలు ఆయనకు సరిగా ఆనడం లేదు. కరెంటు బిల్లు ఫొటో తీసి చదివించుకోవడం, బ్యాంకు నుంచి ఇంగ్లీషులో వచ్చిన ఉత్తరానికి తెలుగులో అర్థం అడగడం వంటివి ఆయనకు ఎంతో ఉపయోగపడతాయి. కాబట్టి నా అభ్యంతరం ఏఐ మీద కాదు, దాన్ని అమర్చిన తీరు మీద.

తేడా బయటపడింది రాగిసంగటి దగ్గర. రాత్రిపూట సంగటి తినవచ్చా అని నాయన అడిగితే, మీకు షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నారు, కాబట్టి ముద్ద చిన్నది చేసుకోండని ఫోను సమాధానం చెప్పింది. నాయనకు రక్తపోటు తప్ప షుగర్ లేదు. ఆయన మాత్రం ఫోను అబద్ధం చెబుతుందని అనుకోలేదు. "డాక్టరు నా దగ్గర దాచిపెట్టినాడా ఏమి?" అని అమ్మను నిలదీశారు.

నేను ఆ యాప్‌లో పాత సంభాషణల జాబితా తెరిచి చూస్తే, నాయన ఎన్నడూ అడగని ప్రశ్నలు వరుసగా ఉన్నాయి. ఒకరి షుగర్ పరీక్షల రిపోర్టు, మంత్రాలయం బస్సుల వేళలు, ఎవరిదో పొలం పాసుబుక్కు ఫొటో, కోడలితో గొడవ ఎలా సర్దుకోవాలన్న ఒక పెద్దామె ప్రశ్న. పరాయివారి ఇంటి విషయాలు చదవడం తగదు కనుక అక్కడితో ఆపేశాను. మేము వాటిని చూడగలిగితే, నాయన అడిగినవన్నీ వారూ చూడగలరు. దుకాణంవారైతే అందరివీ చూడగలరు.

జరిగింది ఇది: దుకాణంవారు తమ జీమెయిల్‌తో ఒక చాట్‌జీపీటీ ఖాతా తెరిచి, కొన్న వారందరి ఫోనుల్లోనూ అదే ఖాతాతో లాగిన్ చేశారు. ఈ సహాయకుడికి మెమరీ అనే సదుపాయం ఉంది. వాడేవారు తమ గురించి చెప్పిన సంగతులను గుర్తుపెట్టుకుని తరువాతి సమాధానాల్లో వాడుకుంటుంది. ఖాతాను ఒక్కరే వాడుతున్నారని దాని లెక్క కాబట్టి ఒకరి జబ్బు మరొకరికి అంటించింది. సంగటి విషయం కాబట్టి సరిపోయింది కానీ, రక్తపోటు మాత్రల గురించి అడిగి ఉంటే ఏమయ్యేదో! ఖాతాను ఇతరులకు పంచకూడదని చాట్‌జీపీటీని నడిపే ఓపెన్‌ఏఐ సంస్థ నిబంధనల్లోనే ఉంది. ఆ మాట చెప్పినా దుకాణంలో అబ్బాయి తొణకలేదు. "అందరికీ ఇట్లనే పెడతాం సార్, ఇంతవరకు ఎవరూ అడగలేదు" అన్నాడు.

రెండవది ఆటోపే. ఒక్క రూపాయి పరీక్ష కోసమని నాయన చేత యూపీఐ పిన్ కొట్టించి, నెలకు 499 రూపాయలు దానంతట అదే పోయేలా అనుమతి తీసుకున్నారు. 4,999 కాకుండా ఇది అదనం. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఒకసారి అనుమతి ఇచ్చాక 15,000 రూపాయల లోపు వసూలుకు మళ్లీ పిన్ అడగరు. 24 గంటల ముందు సమాచారం పంపుతారు కానీ, ఇంగ్లీషులో వచ్చే ఆ సందేశాన్ని చదవలేకనే కదా ఆయన సహాయకుడిని కొన్నది. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే లేదా మాండేట్ అన్న చోట చూసి అక్కడే రద్దు చేయవచ్చు.

వాట్సాప్‌లో పంపి ఎక్కించిన వారి సొంత యాప్ ఒకటి యాక్సెసిబిలిటీ అనుమతి కూడా తీసుకుంది. ఆ అనుమతి ఉన్న యాప్ తెరమీద కనిపించేదంతా చదవగలదు, మన బదులు మీటలు నొక్కగలదు. ప్లే స్టోర్ బయట నుంచి వచ్చిన యాప్‌కు దీన్ని ఇవ్వనే కూడదు. అనుమతి తీసేసి, యాప్‌నూ తొలగించాము.

ఏఐ పింఛను సేవ అంటూ లైఫ్ సర్టిఫికెట్‌కు, అంటే పింఛనుదారు బతికే ఉన్నారన్న ధ్రువీకరణకు, వేరే రుసుము చెప్పారట. ఏఐ సహాయకుడికీ దానికీ సంబంధం లేదు. జీవన్ ప్రమాణ్, ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్‌లతో ముఖం చూపించి ఫోనులోనే ఉచితంగా చేసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకు అది ఏటా నవంబరు పని, 80 ఏళ్లు దాటినవారు అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరిలో ప్రారంభించిన మన మిత్ర సేవలు కూడా 9552300009 నంబరుకు వాట్సాప్ చేస్తే దొరుకుతాయి, దానికి మధ్యవర్తి అక్కర్లేదు.

అసలు డబ్బు పెట్టవలసిన అవసరమే చాలామందికి లేదు. చాట్‌జీపీటీ, జెమిని రెండింటికీ ఉచిత వాడకం ఉంది, రెండూ తెలుగు ప్రశ్నకు తెలుగులోనే సమాధానమిస్తాయి. నేర్పినందుకు ఎవరైనా కూలి అడిగితే అది న్యాయమే, ఇవ్వండి. కానీ ఖాతా మాత్రం పెద్దల సొంత ఈమెయిల్‌తో, ఇంటివారు ఒకరు పక్కన ఉండగా తెరవాలి. ఆధార్ నంబరు, పీపీఓ (పింఛను ఉత్తర్వు) నంబరు, ఓటీపీ అందులో చెప్పవద్దని, మందుల మోతాదు డాక్టరును అడగకుండా మార్చవద్దని వారికి విడమరచి చెప్పండి. బ్యాంకు ఫోను నంబరు కావలసి వస్తే పాసుబుక్కు మీదనో ఏటీఎం కార్డు వెనుకనో చూసుకోమనండి.

ఇప్పటికే ఇటువంటిది కొన్నవారు యాప్ సెట్టింగుల్లో ఏ ఈమెయిల్ ఉందో ఈరోజే చూడండి. అది మీది కాకపోతే ముందు మీ సంభాషణలనూ, మెమరీలో మీ గురించి ఉన్న సంగతులనూ చెరిపి, ఆ తరువాతే లాగౌట్ చేయండి. ముందే బయటికి వచ్చేస్తే మీవి అక్కడే ఉండిపోతాయి, మళ్లీ లోపలికి వెళ్లడానికి పాస్‌వర్డ్ మీ దగ్గర ఉండదు. చెరిపే ముందు ఆధారంగా ఈమెయిల్ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి. మీకు తెలియకుండా డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, ఇలాంటి అమ్మకపు మోసానికైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు చెల్లింపులకు ఫిర్యాదు రుసుము లేదు. మాకు దుకాణంవారు రశీదు ఇవ్వలేదు, అందువల్ల యూపీఐ చెల్లింపు వివరాన్నే ఫిర్యాదుకు జతచేశాము.