హెడ్ పని చేయించి 46 వేల కిలోమీటర్లు: హీటెక్కిన ఇంజిన్ మార్చాలా, బాగుచేయించాలా?

బండి 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 92 వేల దగ్గర హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగమైన హెడ్‌కీ, కింది బ్లాకుకీ మధ్య ఉండే సీలు) పోయింది. ఇప్పుడు మీటరు 1.38 లక్షలు, రిజర్వాయర్‌లో కూలెంట్ గీత దిగడం లేదు. ఇంజిన్ మార్చకపోవడమే మంచిదైంది. అయితే టెంపరేచర్ సూది ఎర్రగీతకు రాగానే బండి ఆపేయబట్టే ఇది కుదిరింది. "ఇంకో రెండు కిలోమీటర్లేగా" అని లాగించి ఉంటే లెక్క వేరేగా ఉండేది.

విప్పకముందే సగం తేలిపోతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయండి. బుడగలు ఆగకుండా వస్తుంటే సిలిండర్ గ్యాసు నీళ్లలోకి దూరుతున్నట్టే. మొదట్లో వచ్చే ఒకటి రెండు లోపల చిక్కిన గాలివి, వదిలేయండి. డిప్‌స్టిక్ మీద పాల టీ రంగు నురగ ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలిశాయి.

అసలు నిర్ణయం కంప్రెషన్ గేజ్ (సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే మీటరు) చెబుతుంది. పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువ చూపిస్తే వాటి మధ్య గాస్కెట్ తెగి ఉండొచ్చు. తక్కువ చూపించిన దాంట్లో ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. ముల్లు బాగా పెరిగితే పిస్టన్ రింగులో, బోరో (సిలిండర్ లోపలి గోడ) అరిగాయి. పెరగకపోతే తప్పు పైనే, వాల్వుల్లోనో గాస్కెట్‌లోనో ఉంది. అలాంటప్పుడు హెడ్ పనితో సరిపోతుంది.

హెడ్ దించాక శుభ్రం చేసి, దాని మీద ఉక్కు స్కేలు నిలువుగా, అడ్డంగా, మూలమూలకూ పెట్టి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని ఉక్కు పట్టీలు) దూర్చి చూడాలి. చాలా ఇంజిన్లలో 0.05 మిల్లీమీటర్ల పట్టీ దూరితే మెషిన్ షాపులో ఫేసింగ్ (హెడ్ అడుగును చదును చేయడం) తప్పదు (మీ ఇంజిన్ కొలత సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది). బ్లాకు పైభాగానికీ ఇదే పరీక్ష. మెకానిక్‌లు ఎక్కువగా ఎగ్గొట్టేది ఇదే, దగ్గరుండి అడిగి చేయించండి. ఫేసింగ్‌కి ముందే హెడ్‌కి ప్రెషర్ టెస్ట్ చేయిస్తే పగులుంటే బయటపడుతుంది. హెడ్ బోల్టులు సాగే రకమైతే కొత్తవే వేయాలి, మధ్య నుంచి బయటికి టార్క్ రెంచ్‌తో బిగించాలి.

గాస్కెట్ మార్చి, హీటెక్కిన కారణాన్ని వదిలేస్తే మళ్లీ అదే పని. ఫ్యాన్ రిలే, వాటర్ పంపు, ప్రెషర్ పట్టని రేడియేటర్ మూత, బోరు నీళ్లు పోసి పోసి సున్నం పట్టిన రేడియేటర్, అన్నీ చూడాలి. "థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌ను వదిలే వాల్వు) తీసేద్దాం సార్" అంటే ఒప్పుకోవద్దు. ఇంజిన్ ఉండాల్సిన వేడికి రాక పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం.

బోరు గీతలు పడినా, బేరింగ్ మోత ఉన్నా, బ్లాకు పగిలినా హెడ్ పని దండగ. ఖర్చు బండి ధరలో సగం దాటుతుంటే అమ్మేయడమే మేలు. సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ వేస్తే దాని కాగితాలు తీసుకుని, ఆ ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఎక్కించాలి. అది లేకపోతే అమ్మేటప్పుడు, బీమా క్లెయిమ్ అప్పుడు ఇరుక్కుంటారు.

ఇన్నాళ్లలో మిగిలిన లోపం ఒకటే: టాపెట్ కవర్ (హెడ్ పైమూత) గాస్కెట్ దగ్గర ఆయిల్ చెమ్మ.