పైల్‌డ్రైవరా, పవర్‌బాంబా, పైతాడు మీంచి దూకడమా: మెడకు ఏది మేలు?

2023 సెప్టెంబరు 8న హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో అమెరికా రెజ్లింగ్ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈ ప్రదర్శన జరిగినప్పటి నుంచి, రెజ్లింగ్ చూసే మిత్రులు నన్ను పదేపదే ఒకే ప్రశ్న అడుగుతున్నారు: రెజ్లర్లు వేసే పట్లలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఏది, ఉన్నంతలో ఏది మేలు? గెలుపోటములు ముందే నిర్ణయమైనా నేల మాత్రం నిజమైనదేనని వారికి తెలుసు. ఇనుప చట్రం, దానిపై చెక్కపలకలు, పలుచని ఫోమ్, ఆ పైన కాన్వాసు, రింగంటే ఇంతే. అడిగేవారిలో చాలామంది ప్రమాదాన్ని ఎత్తును బట్టి కొలుస్తారు కాబట్టి, రింగు చుట్టూ కట్టిన తాళ్లలో పైదాని మీంచి దూకే పట్లే అన్నిటికంటే భయంకరమైనవని వారి అభిప్రాయం. నేను మాత్రం మొదట చూసేది, నేలను తాకే ఆఖరి క్షణంలో పడేవాడి మెడకు ఎవరు కాపలా ఉన్నారన్నదే.

రెజ్లింగ్ బడిలో మొదట నేర్పేది ఎత్తడం కాదు, పడటం. గడ్డాన్ని ఛాతీకి ఆనించి, తల నేలకు తగలకుండా, వీపు పైభాగమంతా ఒకేసారి పరుచుకునేలా పడుతూ, చాచిన చేతులతో నేలను చరచడం వల్ల దెబ్బ ఒకచోట గుచ్చుకోకుండా ఒళ్లంతా పంచుకుపోతుంది. ఏ పట్టునైనా నేను ఈ అభ్యాసంతోనే తూచి చూస్తాను. పడేవాడికి ఇందులో ఎంత మిగిలింది, ఎంత పోయింది అన్నదే నా లెక్క.

పైల్‌డ్రైవర్‌లో ఏమీ మిగలదు. పునాది స్తంభాలను నేలలోకి దిగ్గొట్టే యంత్రం పేరే ఆ పట్టుకు పెట్టారు. పడేవాడు తలకిందులుగా వేలాడుతుంటే అతని తల ఎత్తేవాడి తొడల మధ్య ఇరుక్కుని ఉంటుంది. వీపు మీద పడే దారి లేదు, చేతులు చరిచే వీలు లేదు. తల నేలకు తగిలిందంటే ఒంటి బరువంతా వెన్నుపూసల వరుస మీదికి నిటారుగా దిగుతుంది. దెబ్బను పంచుకునే అవకాశం మెడకు దొరకని పరిస్థితి అదే. అందుకే ఎత్తేవాడు తన ఒంటిని ముందుగా నేలకు తగిలించి, ఎదుటివాడి తలకూ కాన్వాసుకూ మధ్య కొన్ని అంగుళాల ఖాళీ మిగల్చాలి. ఆ ఖాళీయే పడేవాడి ప్రాణం, దాని కొలత పూర్తిగా మరొకరి చేతిలో ఉంటుంది.

1997 ఆగస్టు 3న న్యూజెర్సీలో జరిగిన సమ్మర్‌స్లామ్ పోటీల్లో, రెజ్లర్ ఓవెన్ హార్ట్ చేతిలో అతని ప్రత్యర్థి స్టీవ్ ఆస్టిన్‌కు ఆ ఖాళీ దొరకలేదు. పైల్‌డ్రైవర్‌లోనే ఒక రకమైన, ఎదుటివాడిని తలకిందులుగా పట్టుకునే టూమ్‌స్టోన్ తరహాలోనే ఎత్తినా, ఓవెన్ మోకాళ్ల మీదికి దిగకుండా కూర్చున్నట్టుగా పడటంతో ఆస్టిన్ తల నేరుగా నేలకు కొట్టుకుంది. కాసేపు కాళ్లూ చేతులూ కదలక పడి ఉండి, ఎలాగో పాక్కుంటూ వెళ్లి, ముందే అనుకున్న ప్రకారం ఓవెన్‌ను చుట్టి, భుజాలు నేలకు ఆనించి గెలుపు పూర్తి చేసిన ఆ దృశ్యాన్ని నేను ఇప్పటికీ స్థిమితంగా చూడలేను. 2000లో ఆస్టిన్ మెడకు శస్త్రచికిత్స జరిగింది. 2003లో, 38 ఏళ్లకే, అతను రింగు వదిలాడు.

ఇక్కడ అండర్‌టేకర్ అనే రెజ్లర్ గురించి చెప్పకపోతే అన్యాయమవుతుంది. 1990 నుంచి 2020 దాకా అతను టూమ్‌స్టోన్ వేస్తూనే వచ్చాడు. అతను మోకాళ్ల మీదికి దిగేవాడు. నేలకు ముందు తగిలేది అతని మోకాళ్లే, ఎదుటివాడి తల వాటికి కాస్త పైనే ఆగేది. కూర్చుని వేసే రకంలో ఆ అంతరం ఎత్తేవాడు తలను ఎంత పైకి పట్టుకున్నాడన్న దాని మీదే ఆధారపడుతుంది, చెమట పట్టిన ఒళ్లు ఒక్క అంగుళం జారినా చాలు. 2000 ప్రాంతంలో డబ్ల్యూడబ్ల్యూఈ పైల్‌డ్రైవర్‌ను నిషేధిస్తూ అండర్‌టేకర్‌కూ, కేన్ అనే మరో రెజ్లర్‌కూ మాత్రం మినహాయింపు ఇవ్వడం వెనుక ఈ తేడా ఉందని నా నమ్మకం. మెక్సికోలో ‘మార్టినెటే’ అని పిలిచే ఈ పట్టు వేసినవాడిని పోటీలో అనర్హుడిగా ప్రకటించడం ఆనవాయితీ. ఏమైనా, నేర్పుగల ఒకరిద్దరిని నమ్మి ఒక పట్టును అందరి చేతికీ ఇవ్వడం నాకు సమ్మతం కాదు.

పవర్‌బాంబ్ లెక్క వేరు. ఎదుటివాడిని భుజాల ఎత్తుకు లేపి నేల మీదికి వేసే పట్టు ఇది. అలా లేచినవాడు వీపు మీదే పడతాడు, గడ్డం ఛాతీకి ఆనించగలడు, చేతులు చరచగలడు. ఎత్తేవాడు కూడా నేల దాకా పట్టు వదలకుండా నడుము వంచి దించితే, వేగం అతని అదుపులోనే ఉంటుంది. అంటే ఒక మెడకు ఇద్దరు కాపలా. పైల్‌డ్రైవర్‌లో ఎత్తేవాడొక్కడే కాపలా, దూకే పట్లలో దూకేవాడొక్కడే. ఇద్దరూ కలిసి కాపాడుకునే వీలున్నది ఇందులోనే కాబట్టి, ఈ మూడింటిలో నా మొగ్గు పవర్‌బాంబ్ వైపే.

అయితే ఈ మాటకు రెజ్లర్ డారెన్ డ్రోజ్‌డోవ్ జీవితం ఎదురుగా నిలుస్తుందని నాకు తెలుసు. 1999 అక్టోబరు 5న న్యూయార్క్ రాష్ట్రంలోని నసావు కొలీజియంలో, డీలో బ్రౌన్ వేసిన పరుగు పవర్‌బాంబ్‌లో పట్టు కుదరక అతను తల మీద పడ్డాడు. మెడ విరిగి, 30 ఏళ్ల వయసులో చక్రాల కుర్చీకి పరిమితమై, 2023 జూన్ 30న మరణించాడు. బ్రౌన్ మీద అతను పగ పెట్టుకోలేదు. ఆ ఘటన నాకు చెప్పేది, పరుగెత్తుతూ వేసే రకంలో ఇద్దరు కాపలాదారుల్లో ఒకరు మధ్యలోనే తప్పిపోయే ప్రమాదం ఉందని. విసిరేసే రకాలు కూడా అంతే. గచ్చిబౌలిలో మనవాళ్లు చూసిన సెత్ రోలిన్స్, 2015 సెప్టెంబరులో స్టింగ్ అనే రెజ్లర్‌ను వెనక్కి, రింగు మూలల్లోని దిమ్మెల మీదికి పవర్‌బాంబ్‌తో విసిరినప్పుడు, 56 ఏళ్ల ఆ పెద్దాయన మెడకు తీవ్రమైన గాయమైంది. వెనక ఏముందో కనబడనివాడు గడ్డం ఎప్పుడు వంచాలో ఎలా లెక్కపెడతాడు? నేను మేలన్నది, నిలబడిన చోటే వేసి, నేల దాకా వదలని పవర్‌బాంబ్‌ను మాత్రమే.

వెనకనుంచి ఎత్తి వెనక్కి వేసే బ్యాక్‌డ్రాప్‌ను కూడా ఈ కారణంగానే పైల్‌డ్రైవర్ పక్కన చేరుస్తాను. జపాన్‌లో తరానికొక్కడనిపించుకున్న రెజ్లర్ మిత్సుహారు మిసావా, 46 ఏళ్ల వయసులో, 2009 జూన్ 13న హిరోషిమాలో ఆ పట్టుకే ప్రాణం విడిచాడు. అది అతను ఏళ్ల తరబడి వందలసార్లు తీసుకున్న పట్టే. వందలసార్లు తీసుకోవడమే ఆ మెడను అరగదీసిందని నేననుకుంటాను.

పైతాడు మీంచి దూకడంలో ఎదుటివాడు కింద పడుకుని వస్తున్నదాన్ని చూస్తుంటాడు, చేతులు అడ్డుపెట్టి అందుకోగలడు. పణంగా పెట్టేది దూకేవాడి మెడ, నిర్ణయమూ అతనిదే. న్యాయం రీత్యా ఇది పైల్‌డ్రైవర్ కంటే మేలు. భద్రత రీత్యా మాత్రం గాలిలోకి లేచాక దిద్దుకునే అవకాశం లేదు. 2001 అక్టోబరు 22న జపాన్ రెజ్లర్ హయబూసా మధ్య తాడు మీంచి వెనక్కి పల్టీ కొట్టబోతుండగా కాలు జారి తల మీద పడి, మెడ విరిగి, కాళ్లూ చేతులూ చచ్చుబడిపోయాడు. డబ్ల్యూడబ్ల్యూఈ పోటీ 2003 రెజిల్‌మేనియాలో బ్రాక్ లెస్నర్, ముందుకు దూకుతూ గాలిలో వెనక్కి పల్టీ కొట్టే షూటింగ్ స్టార్ ప్రెస్ వేస్తూ, ప్రత్యర్థి కర్ట్ యాంగిల్ పడుకున్న చోటు అందక తల మీదే దిగినా, కంకషన్‌తో (మెదడు అదరడంతో) బయటపడటం అదృష్టమే.

పైనుంచి దూకి తలతో కొట్టే హెడ్‌బట్‌ను మేలు, కీడు అని తూచవలసిన పనే లేదు, మానేయాలి. దాన్ని ప్రచారంలోకి తెచ్చిన రెజ్లర్ హార్లీ రేస్ స్వయంగా పశ్చాత్తాపపడ్డాడు. తలపై కుర్చీతో కొట్టడాన్ని డబ్ల్యూడబ్ల్యూఈ 2010లో ఆపేసింది, చాలా ఆలస్యంగా.

నా వరుసను కూడా తుది మాటగా తీసుకోవద్దని కోరుతున్నాను. 2017 మే 4న 50 ఏళ్ల జపాన్ రెజ్లర్ యోషిహిరో తకయామా, పిల్లలు కూడా నేర్చుకునే సన్‌సెట్ ఫ్లిప్ (ఎదుటివాడి మీంచి పల్టీ కొట్టి అతన్ని కిందికి లాగే పట్టు) వేస్తూ తల మీద దిగి, మెడ నుంచి కిందికి చచ్చుబడిపోయాడు. పట్టు ఎంత చిన్నదైనా, ఏళ్ల దెబ్బలు తిన్న మెడకు అది చిన్నది కాదు. అందుకే ఎవరు ఏ పట్టు వేయవచ్చన్నది మెడ స్కానింగ్ చూసిన వైద్యుడు చెప్పాలి గాని, ప్రేక్షకుల కేకలు కాదు.

రింగు వదిలిన 19 ఏళ్ల తర్వాత, 2022 ఏప్రిల్ 2న, టెక్సాస్‌లో రెజ్లర్ కెవిన్ ఓవెన్స్ మీద ఆస్టిన్ మళ్లీ పోటీకి దిగాడు. అప్పుడతనికి 57 ఏళ్లు. ఆ రాత్రి అతను సిమెంటు నేల మీద ఒక సప్లెక్స్ (ఎత్తి వెనక్కి వేసే పట్టు) కూడా తీసుకున్నాడు, గడ్డం ఛాతీకి ఆనించి, వీపు మీదే.