లిమిటింగ్ రియేజెంట్ లెక్క: మూడు పద్ధతుల్లో ఏది మేలు?

నెల్లూరులో ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లల కెమిస్ట్రీ నోటుపుస్తకాలు పక్కపక్కన పెట్టి చూస్తే, లిమిటింగ్ రియేజెంట్ (పరిమిత కారకం, అంటే ముందుగా అయిపోయి చర్యను ఆపేసే పదార్థం) లెక్క ఒక్కో కాలేజీలో ఒక్కో రకంగా కనిపిస్తుంది. ఒకచోట ప్రతి క్రియాజనకం నుంచి ఎంత ఉత్పన్నం వస్తుందో విడివిడిగా కట్టి, తక్కువ వచ్చినదాన్ని తీసుకోమంటారు. ఇంకోచోట మోల్‌లను (గ్రాములను ఒక మోల్ భారంతో భాగిస్తే వచ్చే సంఖ్యను) సమీకరణంలోని గుణకంతో భాగించమంటారు. మరోచోట మొదట, మార్పు, చివర అని మూడు వరుసల పట్టిక గీయిస్తారు. మూడింటికీ జవాబు ఒక్కటే కాబట్టి ఏదైనా ఫరవాలేదనే మాట స్టాఫ్‌రూముల్లో తరచూ వినిపిస్తుంది. నేను ఒప్పుకోను. నా ఓటు భాగహారానికి. అయితే అది బోల్తా పడే చోటు కూడా ఒకటి ఉంది.

రైలు పట్టాలను అతికే థర్మైట్ చర్యనే తీసుకుందాం. బిట్రగుంట వైపు లైను పక్కన పట్టాల పని జరుగుతుండగా చూసినవారికి ఇది కొత్త కాదు. మూసలోని పొడిని అంటించగానే కళ్లు చెదిరే వెలుగు వస్తుంది, కాసేపటికి కరిగిన ఇనుము రెండు పట్టాల సందులోకి దిగుతుంది. అసలు పొడిలో ఉక్కుకు కావలసిన ఇతర లోహాలు కూడా కలుపుతారు. మన లెక్కకు అవి వద్దు. ఒక మోల్ ఫెర్రిక్ ఆక్సైడ్, రెండు మోల్‌ల అల్యూమినియం కలిస్తే రెండు మోల్‌ల ఇనుము, ఒక మోల్ అల్యూమినియం ఆక్సైడ్ వస్తాయి. చేతిలో 54 గ్రాముల అల్యూమినియం, 192 గ్రాముల ఫెర్రిక్ ఆక్సైడ్ ఉన్నాయనుకోండి. పరమాణు భారాలు అల్యూమినియంకు 27, ఇనుముకు 56, ఆక్సిజన్‌కు 16. అంటే అల్యూమినియం 2 మోల్‌లు, ఫెర్రిక్ ఆక్సైడ్ (Fe₂O₃, ఒక మోల్ 160 గ్రాములు) 1.2 మోల్‌లు.

ఇక్కడ రెండు రకాల తొందర కనిపిస్తుంది. మోల్‌లు తక్కువ కాబట్టి ఫెర్రిక్ ఆక్సైడే ముందు అయిపోతుందని ఒకరు రాస్తారు, అది తప్పు. గ్రాములు తక్కువ కాబట్టి అల్యూమినియమే అని మరొకరు రాస్తారు. జవాబు కుదిరింది కానీ అది గాలివాటం. ఈ రెండోవారిని సరిదిద్దడమే కష్టం, ఎందుకంటే మార్కు పడిపోయింది!

విడివిడిగా కట్టే పద్ధతిలో 2 మోల్‌ల అల్యూమినియం నుంచి 2 మోల్‌ల ఇనుము, అంటే 112 గ్రాములు. 1.2 మోల్‌ల ఫెర్రిక్ ఆక్సైడ్ నుంచి 2.4 మోల్‌లు, అంటే 134.4 గ్రాములు. తక్కువది 112, అదే గరిష్ఠ దిగుబడి, అల్యూమినియమే పరిమిత కారకం. అనుమానానికి తావులేని దారి ఇది, కొత్తగా నేర్చుకునేవారికి నమ్మకం కలిగిస్తుంది. దీని లోపం శ్రమే. క్రియాజనకాలు మూడుంటే మూడు పూర్తి లెక్కలు చేయాలి, అందులో రెండు చివరికి కొట్టివేతే. పైగా ఏది ఎంత మిగిలిందని అడిగితే మళ్లీ మొదటికి రావాలి.

భాగహారం చూడండి. అల్యూమినియంకు 2 ÷ 2 = 1. ఫెర్రిక్ ఆక్సైడ్‌కు 1.2 ÷ 1 = 1.2. చిన్నది అల్యూమినియందే. చాలా నోటుపుస్తకాల్లో ఈ 1 అనే అంకెను ఇక్కడే వదిలేస్తారు, పరిమిత కారకాన్ని గుర్తుపట్టడానికి తప్ప అది ఎందుకూ పనికిరానట్టు. “సార్, ఆ ఒకటి ఎన్ని మోల్‌లు?” అని ఎవరైనా పిల్ల అడిగితే సంతోషించాలి. అది అల్యూమినియం మోల్‌లు కాదమ్మా, సమీకరణం రాసినట్టుగా ఆ చర్య ఎన్ని సార్లు నడవగలదో చెప్పే అంకె అని చెప్పాలి. ఒక్కసారి నడిస్తే రెండు మోల్‌ల ఇనుము వస్తుంది, కాబట్టి 1 × 2 = 2 మోల్‌లు. ఒక మోల్ ఫెర్రిక్ ఆక్సైడ్ ఖర్చవుతుంది, కాబట్టి 1.2 లో 0.2 మోల్, అంటే 32 గ్రాములు మిగులుతుంది. అల్యూమినియం ఆక్సైడ్ ఒక మోల్, 102 గ్రాములు. సరిచూసుకోవాలంటే 112, 102, 32 కలపండి. 246 వస్తుంది, మొదట వేసిన 54, 192 ల మొత్తమూ అంతే. ఉత్పన్నమూ మిగులూ రెండూ ఒక్క అంకె నుంచే వచ్చాయి. ఈప్‌సెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు చేయాల్సినవారికి ఇంతకంటే ఏం కావాలి?

ఇందులో ప్రమాదం ఒక్కటే. సమీకరణం తుల్యం చేయకుండా భాగిస్తే అంతా గంగపాలు. మిగతా పద్ధతుల్లోనూ ఆ తప్పు తప్పే, కానీ ఇక్కడ జవాబు చిన్నగా, శుభ్రంగా కనిపించి అనుమానం రానివ్వదు.

ఇక పట్టిక. మామూలు లెక్కకు దాన్ని గీయడం నా దృష్టిలో కాగితం దండుగ. కానీ ఒక చర్య వెనుక మరో చర్య నడిచేటప్పుడు భాగహారం ఒక్కటే చాలదు. సున్నపు తేటలోకి కార్బన్ డయాక్సైడ్ పంపితే మొదట పాలలా తెల్లబడుతుంది, ఇంకా పంపుతూ ఉంటే ఆ తెలుపు విరిగి తేటపడుతుంది. ఒక మోల్ కాల్షియం హైడ్రాక్సైడ్‌కు 1.4 మోల్‌ల వాయువు పంపామనుకోండి. మొదటి చర్యకు మాత్రమే భాగహారం చేసి ఆగినవారు 100 గ్రాముల కాల్షియం కార్బొనేట్ అంటారు. కానీ మిగిలిన 0.4 మోల్ వాయువు ఊరుకోదు, నీటితో కలిసి 0.4 మోల్ కార్బొనేట్‌ను బైకార్బొనేట్‌గా కరిగించేస్తుంది. చివరికి మిగిలేది 0.6 మోల్, 60 గ్రాములే. పట్టికలో చివరి వరుసే రెండో చర్యకు మొదటి వరుస అవుతుంది కాబట్టి ఈ 0.4 కంటికి కనిపిస్తుంది. అమ్మోనియా తయారీ లాంటి ద్విగత చర్యల్లోనూ, అంటే ముందుకూ వెనక్కూ నడిచే చర్యల్లోనూ అంతే. అక్కడ భాగహారం గరిష్ఠం ఎంతో మాత్రమే చెబుతుంది, సమతాస్థితిలో నిజంగా ఎంత ఉంటుందో చూడాలంటే పట్టికే శరణ్యం.

దిగుబడి శాతానికి పద్ధతుల తేడా లేదు. 112 రావలసిన చోట 98 గ్రాముల ఇనుమే చేతికొస్తే, 98 ని 112 తో భాగించి వందతో గుణిస్తే 87.5 శాతం. పొరపాటు జరిగేది స్వచ్ఛత దగ్గర. అదే 54 గ్రాముల అల్యూమినియం 90 శాతమే స్వచ్ఛమైనదైతే, ముందు 48.6 గ్రాములకు, అంటే 1.8 మోల్‌లకు దించాకే భాగహారం మొదలుపెట్టాలి. అప్పుడు గరిష్ఠ దిగుబడి 100.8 గ్రాములు. స్వచ్ఛత శాతాన్ని క్రియాజనకానికి మొదట్లోనే వాడాలి, దిగుబడి శాతాన్ని ఉత్పన్నానికి చివర్లో వాడాలి.